కవయిత్రుల జీవిత నాటకాలు – కనిపించని మనుషులు

కవయిత్రుల జీవితాలను ఇతివృత్తంగా తీసికొని నాటకాలు వ్రాయటం, చలనచిత్రాలు నిర్మించటం మన తెలుగునాట కొత్త విషయం కాదు. బి. పద్మనాభం 1970లో 'కథానాయిక మొల్ల' చిత్రాన్ని తీశారు. అందులో వాణిశ్రీ మొల్లగా నటించారు. తరిగొండ వెంగమాంబ జీవితం 2009లో మీనా ప్రధాన పాత్రధారిణిగా తెరకెక్కింది. కళాశాలల వార్షికోత్సవాలలో, పాఠశాలల ఏకపాత్రాభినయాలలో మొల్ల తరచుగా దర్శనమిస్తూనే ఉంటుంది. స్త్రీ విద్యను గురించి, స్త్రీ ప్రతిభను గురించి నాలుగు మంచి మాటలు చెప్పదలచినవారికి ఇంతకంటె అనువైన కథ దొరకటం కష్టం. ఇది ఎల్లరూ హర్షించవలసిన విషయమే.

అయినా ఇటువంటి నాటకాలను చూచినప్పుడల్లా మాకొక సందేహం కలుగుతూ ఉంటుంది. సాధారణంగా వేదికపై కవయిత్రి ఒక్కతె ఉంటుంది. ఆమె చుట్టూ ఒక రాజు, నలుగురు ఆస్థాన పండితులు, నవ్వించటానికి ఒక విదూషకుడు ఉంటారు. పండితులు ఆమెను పరిహసిస్తారు. ఆమె పద్యం చదువుతుంది. పండితులు తల దించుకుంటారు. రాజు సన్మానిస్తాడు. చప్పట్ల నడుమ తెర పడుతుంది. ఆమెను పెంచిన ఇల్లు, ఆ ఇంటి వృత్తి, ఆమె చెవిన పడిన భాషలు, ఆమెకు ముందు పాడిన స్త్రీలు, ఆమెతో పాడిన స్త్రీలు ఏమైనారు? ఒక స్త్రీని గౌరవించబోయి ఆమె వెనుకనున్న సమాజాన్నంతటినీ తెర వెనుకనే ఉంచివేయటం న్యాయమా?

ఉర్దూ, తెలుగు భాషలు రెండింటికీ ఒకే సంచికలో చోటిచ్చే పత్రికలో ఈ ప్రశ్న వేయటం అసందర్భం కాదని మా నమ్మకం. మన మడకశిర ప్రాంతం సంగతే చూడండి. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో మనం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, అనంతపురం కరవు మనలను విడిచిపోలేదు. మన భాషల కలయిక కూడా మనలను విడిచిపోలేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, సంతలో కన్నడం మాటలాడే కుటుంబాలు ఇక్కడ ఎన్నో. సమీపంలోని హేమావతి ఒకనాడు హెంజేరు పేరుతో నొళంబ పల్లవులకు రాజధాని. అక్కడి కన్నడ శాసనాలు నేటికీ చూడవచ్చు. ఇటువంటి నేల మీద పుట్టినవారికి, ఒకే భాష, ఒకే కులం, ఒకే కొలువు ఉన్న నాటకం చూచినప్పుడు ఏదో వెలితి తోచటం సహజం.

ముందుగా మొల్లను గురించి విచారిద్దాం. ఆమె తన రామాయణ అవతారికలో తన్ను గురించి కొద్దిగా చెప్పుకున్నది. తాను కేసనసెట్టి తనయనని చెప్పినది. తండ్రి గురువును, లింగాన్ని, జంగమాన్ని అర్చించే శివభక్తుడని చెప్పినది. తాను శాస్త్రాలు చదివి పండితురాలను కాలేదనీ, శ్రీకంఠ మల్లేశ్వరుని వరం వలన కవిత్వం అబ్బినదనీ వినయంగా తెలిపినది. తన కావ్యాన్ని ఏ రాజుకూ అంకితమివ్వలేదు. ఆమెది కుమ్మరి కులమని లోకంలో ప్రతీతి. కృష్ణదేవరాయల సభకు ఆమె వెళ్ళినదనీ, అక్కడ పరీక్షకు నిలిచినదనీ చెప్పే కథ ప్రచారంలో ఉన్నదే కాని, ఆమె కావ్యంలో లేదు. ఆమె జీవించిన కాలం విషయంలోనే పండితులలో ఏకాభిప్రాయం లేదు.

ఇప్పుడు ఒక చిత్రం గమనించండి. మొల్ల స్వయంగా చెప్పుకున్న సంగతులు నాటకంలో రెండు నిముషాలు కూడా ఆక్రమించవు. ఆమె చెప్పని రాజసభ నాటకంలో సగభాగాన్ని ఆక్రమిస్తుంది. శివభక్తుని ఇంట పుట్టిన అమ్మాయి రాముని కథ ఎందుకు చెప్పినది? ఆ ఇంటికి వచ్చే జంగమయ్యలు ఏ పాటలు పాడేవారు? ఆమె శ్రమజీవుల బిడ్డ అనే ప్రతీతినే మనం స్వీకరిస్తే, సారె తిరిగే చప్పుడు, మట్టి తొక్కే పాదాలు, ఆవం కాలేటప్పుడు ఇంటిల్లిపాదీ పడే ఆందోళన ఆమె బాల్యంలో ఉండవా? పండితులు మాత్రమే మెచ్చే కవిత్వం తనకు వద్దని, విన్నవెంటనే అర్థమయ్యే తెలుగును ఆమె కోరుకున్నది. ఆ తెలుగు ఆమెకు ఎవరి నోట వినిపించినది? రాయల సభలో మాత్రం కాదు. మొల్ల నాటకంలో కుమ్మరివారు నిజంగా కనిపించాలంటే, వారు కథకు ఆధారంగా కనిపించాలి. మొదటి రంగంలో ఒక కుండను చూపి, తరువాత దానిని మరచిపోతే సరిపోదు.

పొరుగున ఉన్న కన్నడ సోదరులు ఈ విషయంలో మనకు ఒక మంచి దారి చూపగలరు. పన్నెండవ శతాబ్దంలో అక్కమహాదేవి ఒక్కతే వచనాలు చెప్పలేదు. బియ్యపు గింజలు ఏరుకుని బ్రతికే దంపతులలో ఒకరైన ఆయ్దక్కి లక్కమ్మ చెప్పినది. వేశ్యావృత్తి నుండి వచ్చిన సూళె సంకవ్వ చెప్పినది. ముప్పై మందికి పైగా స్త్రీల వచనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. వీరందరి నడుమ నిలబెట్టినప్పుడు అక్కమహాదేవి గొప్పతనం తగ్గదు సరికదా, ఆ గొప్పతనానికి కారణం బోధపడుతుంది.

ఇక ముద్దుపళని విషయం. ఈ ప్రశ్నకు సంబంధించి తెలుగు సాహిత్య చరిత్రలో ఇంతకంటె కళ్ళు తెరిపించే ఉదంతం లేదని మా అభిప్రాయం. పదునెనిమిదవ శతాబ్దంలో తంజావూరును పాలించిన ప్రతాపసింహుని ఆస్థానంలో ఆమె దేవదాసి. 'రాధికాసాంత్వనము' అనే శృంగార ప్రబంధాన్ని రచించినది. ఆ కావ్యపు పీఠికలో ఆమె తన వంశాన్ని చెప్పుకున్నది. కవులు సాధారణంగా తాతలను, తండ్రులను స్తుతిస్తే, ఈమె తన అమ్మమ్మ మొదలుగా స్త్రీల వరుసనే చెప్పినది. విద్య తనకు ఎవరి వలన వచ్చినదో ఆమెకు స్పష్టంగా తెలుసు. కాని 1887లో పైడిపాటి వెంకటనరసుగారు ప్రకటించిన ముద్రణలో ఆ పీఠిక లేదు. కొన్ని పద్యాలు కూడా లేవు. పుస్తకం చేతబట్టిన పాఠకునికి ముద్దుపళని ఎవరో, ఎవరి బిడ్డో తెలియకుండా పోయినది. స్త్రీ విద్యకు జీవితమంతా ధారపోసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు సైతం ఆమె కులవృత్తిని ఎత్తిచూపి కావ్యాన్ని నిందించారు.

ఈ లోపాన్ని పట్టినది ఎవరు? బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషీమణి. సంగీతంలో, సాహిత్యంలో, కన్నడ తెలుగు సంస్కృతాలలో ప్రవీణురాలు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని తన సంపదతో నిర్మింపజేసిన పుణ్యాత్మురాలు. ముద్రిత ప్రతిని వ్రాతప్రతితో పోల్చి చూచి, వదలివేసిన భాగాలను మరల చేర్చి, 1910లో వావిళ్ళవారి ద్వారా సంపూర్ణ గ్రంథాన్ని వెలువరించారు. 1911లో అది అశ్లీలమని ఆంగ్ల ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసికొన్నది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో నిషేధం తొలగినది. 1952లో వావిళ్ళవారు పుస్తకాన్ని మరల ముద్రించారు.

ఈ ఉదంతం మనకు ఏమి బోధిస్తున్నది? పండితులు ఎందరో ఆ గ్రంథాన్ని చూచారు. అమ్మమ్మ పేరు లేకపోవటం వారికి లోపంగా తోచలేదు. అటువంటి అమ్మమ్మల ఇంట పెరిగిన నాగరత్నమ్మగారికి మాత్రం అది వెంటనే లోపంగా కనిపించినది. ఒక సమాజానికి చెందిన మనిషి వ్రాసేచోట, ఎంచేచోట, సరిచూచేచోట ఉంటే కలిగే ప్రయోజనం ఇదే. దయతో చోటివ్వటంగా దీనిని భావించేవారు పొరబడుతున్నారు. అలాంటి మనిషి లేకపోతే పుస్తకమే అసంపూర్ణంగా మిగులుతుంది.

ఉర్దూ విద్యార్థినులు గర్వింపదగిన పేరు మహలఖాబాయి 'చందా'. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈమె హైదరాబాదు నగరపు కవయిత్రి, గాయని, నర్తకి. నిజాం కొలువులో గొప్ప గౌరవం పొందినది. హజ్రత్ అలీ యెడల ఆమెకు అపారమైన భక్తి. మౌలాలీ గుట్ట దిగువన తన తల్లి రాజ్‌కున్వర్‌కు సమాధి మందిరం కట్టించి, తానూ అక్కడనే విశ్రమించినది. ఆమె గజళ్ళ దివాన్ ప్రతి ఒకటి 1799లో ఆంగ్లేయ అధికారి జాన్ మాల్కం చేతికి చేరి, సముద్రాలు దాటి లండనులో భద్రపరచబడినది. ఉర్దూలో సొంత దివాన్ గల మొదటి స్త్రీ ఈమెయేనని చాలాకాలం చెప్పుకున్నారు. తరువాతి పరిశోధకులు అదే హైదరాబాదులో నివసించిన లుత్ఫున్నిసా 'ఇంతియాజ్' దివాన్ 1797 నాటికే పూర్తి అయినదని చూపారు. ఒకరు కొలువులోని నర్తకి. మరొకరు గృహిణి, కవి అయిన భర్త గల ఇల్లాలు. ఒకే నగరంలో, ఒకే కాలంలో, ఇంత భిన్నమైన జీవితాల నుండి ఇద్దరు స్త్రీలు గజళ్ళు వ్రాశారు. 'మొదటి స్త్రీ', 'ఏకైక స్త్రీ' అనే బిరుదులు ఇచ్చి ఒక్కరినే వేదికపై నిలబెట్టే అలవాటు ఎంత ప్రమాదకరమో దీనివలన తెలుస్తుంది. ఆ ఒక్కరికి దీపం పట్టబోయి రెండవ వారిని చీకటిలోనికి నెట్టినవారమవుతాము.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ముద్దుపళని, మహలఖాబాయి వంటివారి కథలను చదువుకునే ఆడపిల్లలచేత ఆడించటం తగునా అని. వారి ఆందోళనను మేము తేలికగా తీసికొనటం లేదు. ఆడపిల్లను వేదిక ఎక్కించటానికే వెనుకాడే కుటుంబాలు మన ప్రాంతంలో రెండు మతాలలోనూ ఉన్నవి. కాని ఆలోచించండి. ఆనాడు స్త్రీలకు చదువు, సంగీతం, సొంత ఆస్తి, సంతకం చేసే హక్కు అందుబాటులో ఉన్న చోట్లు ఎన్ని? కొలువు నర్తకీమణుల ఇళ్ళు అటువంటి కొద్దిచోట్లలో ఒకటి. కులీన గృహాల తలుపులు మూసి ఉండటం వలన కదా విద్య అక్కడికి చేరినది! ఆ సంగతి దాచిపెట్టి మహలఖాబాయిని ఎవరో నవాబుగారి కుమార్తెగా చూపితే, మనం మర్యాద కాపాడినట్లు కాదు, అబద్ధం చెప్పినట్లు. మర్యాదగా నిజం చెప్పటం సాధ్యమే. నర్తనశాల దృశ్యాలు లేకుండానే, ఆమె తల్లికి సమాధి కట్టించిన కథ ఒక్కటే ఎంతో మంచి నాటకం కాగలదు.

మరి పాత్రలను ఎవరు ధరించాలి? ముస్లిం బాలిక మొల్ల వేషం వేయవచ్చునా? హిందూ బాలిక మహలఖాబాయి కావచ్చునా? ఏ కులం పాత్రను ఆ కులం వారే ధరించాలా? ఈ ప్రశ్నకు మా సమాధానం నిస్సంకోచంగా ఒకటే. ఎవరైనా ధరించవచ్చు. ఇది మేము కొత్తగా కనిపెట్టిన సిద్ధాంతం కాదు. మన సీమ నాటకరంగమే ఏనాడో చూపిన దారి. అనంతపురం 1882 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ, కోలాచలం శ్రీనివాసరావుగారి విజయనగర పతన నాటకంలో పఠాన్ రుస్తుం పాత్రను ధరించి కీర్తి గడించారు. ఆయన ఏ మతస్థుడని ప్రేక్షకులు అడగలేదు. ఆ పఠానులోని మనిషిని చూచారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, విద్యావతులను రంగస్థలానికి ఆహ్వానించినదీ రాఘవగారే. కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజంలో కుటుంబంలోని స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించారు.

మరొక ఉదాహరణ షేక్ నాజర్‌ది. పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన ఆయన బుర్రకథకు మారుపేరై, పల్నాటి వీరులను, బొబ్బిలి వీరులను ఊరూరా సజీవులను చేశారు. 1986లో పద్మశ్రీ పొందారు. బ్రహ్మనాయుని కథ చెప్పే అధికారం నీకెక్కడిదని ఆయనను ఊరివారు అడిగి ఉంటే నష్టపోయినది ఎవరు? పిఠాపురం ఉమర్ ఆలీషా కవిగారు పురాణకథలతో తెలుగు నాటకాలు వ్రాసినప్పుడు సాహిత్యలోకం ఆదరించినది. కావున మన కళాశాలలో ఒక ముస్లిం బాలిక మొల్లగా నిలిచి పద్యం చదివితే, ఆమె ఒక పరంపరను కొనసాగించినదే అవుతుంది.

అయితే ఈ స్వేచ్ఛకు ఒక షరతు ఉన్నది. స్వేచ్ఛ ఇరువైపులా ఉండాలి. మన నాటకాలలో, చలనచిత్రాలలో 'సాయిబు' పాత్ర చాలాకాలంగా ఎందుకు వస్తున్నదో అందరికీ తెలిసినదే. లుంగీ, టోపీ, వచ్చీరాని తెలుగు. ప్రేక్షకులను నవ్వించటం తప్ప ఆ పాత్రకు వేరే పని లేదు. దక్కనీ మాట వినబడితే చాలు, సభలో నవ్వు బయలుదేరుతుంది. ఆ దక్కనీలోనే తల్లి జోలపాట విన్న పిల్లవాడు ఆ సభలో కూర్చుని ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టదు. అదేవిధంగా కుమ్మరి, చాకలి, మంగలి పాత్రలు హాస్యానికే మీదుకట్టబడినవి. రాజు పాత్ర ఎప్పుడూ కొందరికి, నవ్వించే పాత్ర ఎప్పుడూ మరికొందరికి అయినప్పుడు, ఎవరు ఏ పాత్రనైనా ధరించవచ్చుననే సూత్రం కాగితానికే పరిమితమవుతుంది. మొల్ల గొప్పతనం చాటే నాటకంలోనే ఆమె కులస్థుడొకడు నవ్వులపాలు కావటం మొల్లకు జరిగే అవమానం కాదా?

కావున పాత్రధారులను గురించి వాదించటానికి ముందు, నాటకం ఎవరు వ్రాస్తున్నారు, ఎవరిని సంప్రదించి వ్రాస్తున్నారు అనే విషయం ఆలోచించాలని మా మనవి. రాఘవ పఠాన్ పాత్రను రక్తి కట్టించగలిగినది ప్రతిభ వలననే. కాని వదలివేసిన అమ్మమ్మ పేరును పట్టగలిగినది నాగరత్నమ్మ మాత్రమే. నటనకు సాధన చాలు. కథ వ్రాయటానికి ఆ జీవితం తెలిసినవారు పక్కన కూర్చోవాలి.

ఈ ఆలోచనను ఆచరణలో పెట్టటానికి మా వంటి చిన్న ఊరి కళాశాలలకు ధనం అక్కరలేదు. మొల్ల నాటకం వేయదలచినప్పుడు, వ్రాయబోయే విద్యార్థులు ముందుగా సమీప గ్రామంలోని ఒక కుమ్మరి ఇంటికి వెళ్ళి, సారె ముందు ఒక పూట కూర్చుని రావాలి. ప్లాస్టిక్ బిందెలు, స్టీలు పాత్రలు వచ్చిన తరువాత ఆ వృత్తి ఎంత చిక్కిపోయినదో వారి నోటనే వినాలి. మహలఖాబాయి నాటకం వేయదలచినప్పుడు, ఉర్దూ అధ్యాపకులు గజల్ చదివే తీరు తెలుగు విద్యార్థులకు నేర్పాలి. తెలుగు అధ్యాపకులు పద్యం చదివే తీరు ఉర్దూ విద్యార్థులకు నేర్పాలి. ఒకే నాటకంలో తెలుగు, దక్కనీ, కన్నడం మూడూ వినిపించినా మడకశిర ప్రేక్షకునికి అనువాదకుడు అవసరం లేదు. ఆ మూడింటిలోనూ అతడు ప్రతిదినం బేరమాడుతూనే ఉన్నాడు. కథలో తెలిసినదేదో, జనశ్రుతి ఏదో సూత్రధారుని నోట ఒక మాట చెప్పించాలి. జనశ్రుతిని తొలగించవలసిన పని లేదు. దానిని చరిత్ర అని చెప్పకుండా ఉంటే చాలు.

అంతకంటె మంచి సూచన ఒకటి చేయదలచుకున్నాము. రాజసభ లేని నాటకం ఒకటి వ్రాయండి. రంగం మీద ఒక బల్ల, ఒక దీపం, రెండు ప్రతులు ఉంటాయి. ఒక ప్రతి అచ్చులోనిది, రెండవది చేతివ్రాతది. నాగరత్నమ్మగారు ఒక్కొక్క పద్యమే పోల్చి చూస్తూ, అచ్చులో లేని చోట ఆగుతారు. లేని ఒక్కొక్క పేరూ చదివినప్పుడు ఒక్కొక్క స్త్రీ వేదిక మీదికి రావాలి. అమ్మమ్మ, అమ్మ, ఆ తరువాత ముద్దుపళని. ఈ పాత్రలకు ఏ మతం బాలికలైనా సరిపోతారు, ఏ కులం బాలికలైనా సరిపోతారు. పట్టుచీరలు, కిరీటాలు అద్దెకు తేవలసిన పని లేదు.

కరవు సీమలో చదువుకునే ఆడపిల్లకు చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. వాన రాకపోతే, వేరుశనగ పంట పోతే, కుటుంబం బెంగుళూరుకు కూలికి తరలితే మొదట ఆగేది ఆమె చదువే. అటువంటి అమ్మాయికి వేదిక మీద ఒంటరిగా వెలిగే అద్భుత స్త్రీని చూపితే, అది తనవంటి వారికి సాధ్యం కాదని ఆమె అనుకుంటుంది. ఆ అద్భుత స్త్రీ వెనుక ఒక అమ్మమ్మ, మట్టి తొక్కిన ఒక తండ్రి, గజల్ నేర్పిన ఒక తల్లి, అదే ఊరిలో వ్రాసుకుంటున్న మరొక ఇల్లాలు ఉన్నారని చూపితే, ఆమె తన ఇంటివైపు వేరే కన్నుతో చూస్తుంది. కళాశాల నాటకం వలన కలుగవలసిన మేలు ఇదేనని మేము విశ్వసిస్తున్నాము. రాబోయే వార్షికోత్సవానికి నాటకం ఎంపిక చేసే అధ్యాపకులు, విద్యార్థి మిత్రులు ఈ విషయాన్ని సానుభూతితో పరిశీలించవలసినదిగా ప్రార్థిస్తున్నాము.